బస్తీ పిల్లలకు చదువు చెప్పడం, వాళ్ల మాటల్నే పుస్తకంగా వేయడం

పిల్లలు నాలుగో తరగతికో ఐదో తరగతికో వచ్చి ఉంటారు. బోర్డు మీది పాఠాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుబుక్కులోకి ఎక్కించుకుంటారు. ఆ రాసుకున్నదాన్నే చదవమంటే తల దించుకుంటారు. విజయవాడ కొండవాలు ఇళ్లలోనూ, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల వీధుల్లోనూ ఇలాంటి పిల్లలు ఉన్నారు. వీళ్ల కోసం ఏదైనా చేయాలనుకునేవాళ్లకు కొదవ లేదు. కొందరు సాయంత్రం ట్యూషన్ పెడతారు, కొందరు పేపరుకు వ్యాసం రాస్తారు. ఈ రెండు పనులూ ఒకే అరుగు మీద, ఒకే మనుషుల చేతుల మీదుగా జరగాలన్నది మా గట్టి నమ్మకం. పిల్ల నోటినుంచి వచ్చిన మాటను కాగితం మీద పెడితే అది మర్నాటి పాఠం. అలాంటి పాఠాలు పదహారు పోగైతే ఒక చిన్న పుస్తకం. పక్క వాడలో ఇంకో పిల్ల దాంతోనే చదవడం నేర్చుకోవచ్చు.

చోటు, వేళ, మనుషులు

ఒక్కరు చెప్పేటట్లయితే పది పన్నెండు మందిని మించి పిల్లల్ని తీసుకోకండి. పదిహేను దాటితే ఒక్కొక్కరి చేత చదివించే సమయం ఉండదు, అందరూ కోరస్‌గా అరవడమే మిగులుతుంది. రామాలయం అరుగు, చర్చి వరండా, కమ్యూనిటీ హాలు, ఎవరింటి డాబా అయినా సరే. తలుపు తెరిచి ఉండాలి, దారిన పోయేవాళ్లకు లోపల ఏం జరుగుతోందో కనబడాలి, పెద్దవాళ్లు ఎప్పుడూ ఇద్దరుండాలి. ఈ మూడింటిలో దేనికీ మినహాయింపు పెట్టుకోకండి. మొదలుపెట్టేముందు ఇంటింటికీ వెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడి, పిల్లను పంపుతామని ఒక కాగితం మీద రాయించుకుని సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఫోన్ నంబరు కూడా అందులోనే రాసుకోండి.

వేళ మీకు వీలైనది కాదు, ఆ వాడకు వీలైనది. కొండ మీద ఇళ్లకు మునిసిపల్ పంపు నీళ్లు ఎప్పుడు వస్తాయో ముందు అడగండి. పంపు వచ్చే గంటలో క్లాసు పెడితే బిందెలు మోసే ఆడపిల్లలు రారు. మీరేమో వాళ్లకు చదువంటే ఆసక్తి లేదనుకుంటారు. మామూలుగా సాయంత్రం ఆరుంపావు నుంచి ఏడున్నర దాకా బాగుంటుంది. ఎండాకాలంలో ఆరున్నరకు ముందు అరుగు మీద కూర్చోలేరు. వారానికి ఐదు రోజులు, రోజుకు గంటంపావు చాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు చెబితే మళ్లీ ఆదివారానికి అక్షరాలు జారిపోతాయి.

సామాను ఎక్కువేమీ అక్కర్లేదు. తలా ఒక పలక, బలపాల డబ్బా, రూళ్ల నోటుబుక్కులు, నల్ల మార్కర్లు రెండు, అరడజను చార్టులు, పుస్తకాలకు మూత ఉన్న ట్రంకుపెట్టె. మందపాటి ఎ4 అట్టను ఎనిమిది ముక్కలుగా కోస్తే అక్షరాల కార్డులవుతాయి. అలాంటి ఎనిమిది అట్టలకు 64 కార్డులు వస్తాయి, మొదటి రెండు నెలలకు అవి సరిపోతాయి.

ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడం

తరగతిని బట్టి కూర్చోబెట్టకండి, చదవగలిగినదాన్ని బట్టి కూర్చోబెట్టండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న ఏసర్ సర్వేలోని పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది, పిల్లకు ఐదు నిమిషాలు పట్టదు. ఒక కాగితం మీద నాలుగు భాగాలు ఉంటాయి: కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. ముందు పేరా చదివించండి. గడగడా చదివితే కథకు వెళ్లండి, తడబడితే మాటలకు దిగండి, అదీ రాకపోతే అక్షరాలకు దిగండి. ఐదు మాటలకు నాలుగు చదివితే ఆ మెట్టు వచ్చినట్టే. అక్షరాలకూ అదే లెక్క. పేరాలో, కథలో మూడు తప్పుల వరకు పోనివ్వవచ్చు, కానీ కూడబలుక్కుంటూ కాకుండా వాక్యంలా చదవాలి.

ఈ పరీక్ష ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చేయండి. నలుగురి ముందు చేస్తే ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల దగ్గర ఆగిపోయాడని అందరికీ తెలుస్తుంది, మర్నాటి నుంచి వాడు రాడు. ఫలితం రిజిస్టరులో తేదీతో రాసుకుని, ఆరు వారాలకొకసారి మళ్లీ చూడండి.

అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు

అ ఆ ఇ ఈ అని వరసగా వల్లించే పిల్లను చూసి అక్షరాలు వచ్చేశాయనుకోకండి. వరస మధ్యలోంచి ‘ఓ’ మీద వేలు పెట్టి అడిగితే, మనసులో మొదటినుంచీ అనుకుంటూ అక్కడిదాకా వస్తుంది. అది పాటే, ఇంకా చదువు కాలేదు. అందుకే ఋ, ౠ, ఙ, ఞ లాంటివి చివరికి పెట్టుకుని, వెంటనే మాటలు పుట్టే అక్షరాలతో మొదలుపెట్టండి. ప, ల, క, గ, డ, వ అనే ఆరక్షరాలతో పలక, గడప, పడవ, కడవ, కలప, వల, కల, వడ అన్నీ వస్తాయి. ఆరక్షరాలతో ఎనిమిది మాటలు చదివిన పిల్ల వారం తిరక్కుండానే ‘నాకు చదవడం వచ్చింది’ అంటుంది. ఆ ధైర్యం విలువ చెప్పనలవి కాదు. ఒకటే జాగ్రత్త: ప, వ ఒకేలా కనబడతాయి కాబట్టి ఒకే రోజు నేర్పకండి. సోమవారం ప చెబితే శుక్రవారం వ చెప్పండి. ద, ధ, థ కూడా అంతే. డ, ఢ కూడా అంతే.

గుణింతం మొత్తం ఒక్కసారి దించకండి. ముందు దీర్ఘం, తర్వాత గుడి, కొమ్ము, సున్న. ఈ నాలుగింటితో ఇంట్లో మాటలు చాలావరకు చదివేయవచ్చు. ‘మ’ను చూసి ‘వు’ అనడం, ‘వు’ను చూసి ‘మ’ అనడం దాదాపు ప్రతి పిల్లా చేసే తప్పు. రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి ‘మడి, ఆవు, మర, చెవులు’ అంటూ మాటల్లో చూపిస్తేనే తేడా పట్టుబడుతుంది, విడి అక్షరాలుగా ఎన్నిసార్లు దిద్దించినా లాభం లేదు.

అసలు పిల్లలు ఆగిపోయేది ఒత్తుల దగ్గర. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే కాబట్టి గుర్తుపడతారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని కొత్త గుర్తులుగానే నేర్పాలి. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ‘బస్తీ’ అని రాసినప్పుడు గుడిదీర్ఘం స మీద కూర్చుంటుంది, త కిందికి పోతుంది. కంటికి కనబడే వరసలో చదివిన పిల్ల ‘బసీత’ అంటుంది. తప్పు పిల్లది కాదు. రాతలో గుడి ముందు కనిపిస్తుంది, పలకడంలో అది చివరికి వస్తుంది. ఈ సంగతి ఎవరూ విప్పి చెప్పరు. బస్ ఒక కార్డు, తీ ఒక కార్డు రాసి, రెండూ దగ్గరికి జరిపి, ‘ఇప్పుడు త కిందికి దిగింది, దాని గుడి మాత్రం పైనే ఉండిపోయింది’ అని చూపించండి. కుర్చీ, దోస్తు, పుస్తకం ఇలాగే విడగొట్టి కలపండి. అమ్మ, అక్క, చెట్టు, వడ్డీ లాంటి జంట అక్షరాలతో మొదలుపెడితే ఈ తికమక రాదు, ఎందుకంటే పైదీ కిందిదీ పలకడంలో ఒకటే. కాబట్టి ముందు ద్విత్వాలు, ఆ తర్వాతే సంయుక్తాలు.

గుంటూరు వైపు పిల్లలకు మాటలు వాళ్ల పనుల్లోంచే తీసుకోండి. తాలు, కాటా మొదటి వారాల్లోనే చదవగలరు, కల్లం వచ్చేసరికి ద్విత్వం వస్తుంది, టిక్కీ (మిర్చి బస్తా)లో ద్విత్వం మీద గుడిదీర్ఘం ఉంటుంది. విజయవాడలో కాలువ, పంపు, కొండ, రైలు, మెట్లు. ‘బ్యారేజి’ని మూడో నెలకు వదిలేయండి.

ప్రభుత్వ బడుల్లో 2020 తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉంటాయి. పేరా స్థాయికి వచ్చిన పిల్లలకు ముందు తెలుగు పేజీ చదివించి, విషయం అర్థమయ్యాక ఇంగ్లీషు పేజీకి వెళ్లండి. తెలుగు చదవలేని పిల్లను నేరుగా ఇంగ్లీషు పేజీ మీదికి తోస్తే రెండూ బట్టీయే అవుతాయి.

చెప్పింది చెప్పినట్టు రాయడం

పదాలు చదవడం వచ్చిన మర్నాటినుంచే ఈ పని మొదలవ్వాలి. రోజుకు ఒక పిల్ల. ‘పొద్దున్న ఏం జరిగింది?’ అని అడగండి. నీతి కథ చెప్పమని అడిగితే ఎక్కడో విన్న సింహం, కుందేలు వస్తాయి. పంపు దగ్గర తగువు, ఆటోలో నలుగురు ఎక్కాల్సిన చోట తొమ్మిదిమంది ఎక్కడం, పిల్లి ఈనడం అడిగితే వాక్యాలు వాటంతటవే వస్తాయి. పిల్ల చెబుతుంటే మీరు చార్టు మీద అంగుళం ఎత్తు అక్షరాలతో రాయండి. నాలుగైదు వాక్యాలు దాటనివ్వకండి. రాసిన ప్రతి వాక్యం కిందా వేలు జరుపుతూ మీరొకసారి చదవండి, తర్వాత ఆ పిల్ల, తర్వాత మిగతావాళ్లు ఒక్కొక్కరు. రెండో రోజు అదే పాఠాన్ని వాక్యాల చీటీలుగా కోసి కలగలిపి, వరస పెట్టమనండి. మూడో రోజు అందులోని ఒక మాట తీసి దాని అక్షరాలతో కొత్త మాటలు చేయించండి.

ఇక్కడ పెద్దవాళ్లు చేసే నష్టం ఒకటుంది. భవన నిర్మాణం పనులకు శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ‘ఏటి సేస్తన్నావు’ అంటారు. వెంటనే దాన్ని దిద్ది ‘ఏమి చేయుచున్నావు’ అని రాస్తే, పిల్లకు చార్టు మీద కనిపించేది తను అన్న మాట కాదు, చదవాలన్న ఉబలాటం అక్కడే చస్తుంది. మొదటి ప్రతి అన్నది అన్నట్టే రాయండి. వారం తర్వాత, ధారాళంగా చదివేటప్పుడు, పక్కన ‘ఏం చేస్తున్నావు’ అని రాసి, పుస్తకాల్లో ఇలా ఉంటుందని చూపించండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది 1863లో శ్రీకాకుళం దగ్గరే. పర్లాకిమిడిలో పంతులుగా ఉండగా సవర గిరిజనులకు చదువు చెప్పాలని ముందు తనే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, బడులు పెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద సభలు జరుపుకునే మనం ఒక పిల్ల యాసను నోట్లోనే నొక్కేయడం న్యాయం కాదు.

మీరు సొంతంగా కథ రాసేటట్లయితే కొన్ని హద్దులు పెట్టుకోండి. మొదటి మెట్టు పుస్తకంలో వాక్యానికి నాలుగైదు మాటలు, పేజీకి రెండు వాక్యాలు. పేజీకి ఒక కొత్త ఒత్తు మించకూడదు. కొత్త మాటను మూడు పేజీల్లోనైనా మళ్లీ తీసుకురండి. రాశాక పిల్లల ముందు గట్టిగా చదవండి. ఎక్కడ వాళ్ల చూపు పక్కకు పోయిందో ఆ వాక్యం కొట్టేయండి.

గోడపత్రిక నుంచి పుస్తకం దాకా

గోడపత్రికకు ఒక చార్టు, దాని మీద ఎ4లో పావు వంతు సైజు చీటీలు ఎనిమిది. పిల్లల కంటి ఎత్తున, అంటే నేలకు మూడున్నర నాలుగడుగుల ఎత్తులో కట్టండి. పదిహేను రోజులకొకసారి మార్చాలి, మార్చకపోతే అది గోడలో కలిసిపోతుంది. వానాకాలంలో చూరు కిందే ఉంచాలి, గమ్‌తో అంటిస్తే చెమ్మకు చుట్టుకుపోతుంది, నాలుగు మూలలా దారంతో కట్టడం మేలు. చీటీ కింద పిల్ల పేరు మొదటి మాట చాలు, ఇంటిపేరు, బడి పేరు, ఫొటో వద్దు.

పదహారు పేజీల పుస్తకానికి నాలుగు ఎ4 కాగితాలు చాలు, మధ్యకు మడిస్తే ఎ5 సైజు వస్తుంది. పేజీల లెక్క ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి, లేకపోతే చివర ఖాళీ పేజీలు మిగులుతాయి. జిరాక్సుకు ఇచ్చేముందు పేజీల జోడీలు సరిచూసుకోండి: మొదటి కాగితానికి ఒక వైపు 16, 1, రెండోవైపు 2, 15. రెండోదానికి 14, 3, వెనక 4, 13. మూడోదానికి 12, 5, వెనక 6, 11. నాలుగోదానికి 10, 7, వెనక 8, 9. ఏ వైపు చూసినా రెండు అంకెలూ కలిపితే 17 రావాలి. రాకపోతే ఎక్కడో తిరగబడింది. ముందు ఒకే ఒక్క ప్రతి తీయించి, మడిచి, పేజీలు తిప్పి చూసి, అప్పుడే మిగతావి చెప్పండి. మడత మీద రెండు పిన్నులు కొట్టడానికి పొడుగుచేతి స్టేప్లరు కావాలి, మామూలుది మధ్యకు అందదు.

బొమ్మలు పిల్లలే వేయాలి, నల్ల జెల్ పెన్నుతో వేయాలి. పెన్సిలు గీతలు జిరాక్సులో పడవు. పసుపు రంగు కనబడకుండా పోతుంది, ఎరుపు నల్లగా ముద్దవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ తీసి పెట్టకండి, అది ఇంకొకరి కష్టం.

టైపింగ్ దగ్గర ఒక మాట. విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేటల్లో డీటీపీ చేసేవాళ్లలో చాలామంది అను ఫాంట్లలో చేస్తారు. పని చక్కగానే ఉంటుంది, కానీ ఆ ఫైలు ఫోన్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనబడతాయి, మర్నాడు ఇంకో వాడవాళ్లకు పంపడానికి పనికిరాదు. ఏ ఫోన్లోనైనా సరిగా కనబడే యూనికోడ్‌లో టైపు చేసి, లిబ్రెఆఫీసులో పేజీలు అమర్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. మండలి, ఎన్టీఆర్, గురజాడ, సూరన్న ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మొదటి మెట్టు పుస్తకానికి అక్షరం 24 పాయింట్లు, తర్వాతి మెట్టుకు 18. వరసల మధ్య ఒకటిన్నర ఎడం ఉండాల్సిందే, తగ్గిస్తే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. పీడీఎఫ్ చేశాక ప్రతి ఒత్తునూ వేలు పెట్టి చూసుకోండి. యూనికోడ్‌ను అనులోకి మార్చిన ఫైలైతే క్ష, ర వత్తు ఉన్న మాటల్ని రెండుసార్లు చూడండి. ముప్ఫై నలభై ప్రతులకు జిరాక్సు చాలు. వందల్లో కావాలంటేనే ప్రెస్సుకు వెళ్లండి.

పుస్తకం బయటికి పంపాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో పెట్టవచ్చు. అక్కడి తెలుగు కథలు దించుకుని వాడుకోవచ్చు కూడా. అయితే అక్కడ పెట్టినదాన్ని పేరు ఉదహరించి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆ సంగతి తల్లిదండ్రులకు విడమరచి చెప్పి, ఒప్పుకుంటేనే పెట్టండి.

ట్రంకుపెట్టె గ్రంథాలయం

పన్నెండుమంది పిల్లలకు నలభై పుస్తకాలుంటే మూడు నెలలు నడుస్తుంది. సగం మీరు వేసినవి, సగం కొన్నవి. ఏటా జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవంలో చిన్న పిల్లల పుస్తకాలు ఒకేచోట చూసి ఎంచుకోవచ్చు. చిరిగితే జరిమానా వేయకండి. జరిమానా పెట్టిన రోజునుంచి పుస్తకం ఇంటికి తీసుకెళ్లడం మానేస్తారు. పెట్టెను నేలమీద ఉంచకండి, అటక మీద పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో నేలమీదున్న కాగితమన్నది మిగల్లేదు.

ఈ పనికి ఈ నేల కొత్తది కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది విజయవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య జీవితమంతా దానికే పెట్టారు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పించారు. అప్పుడు కాలువ ఉంది కాబట్టి పడవ. ఇప్పుడు మీ వాడలో ఇంటింటికీ పాలు వేసే అబ్బాయో, డ్వాక్రా గ్రూపు లీడరమ్మో ఉంటారు. పుస్తకాలు వాళ్ల చేతుల మీదుగా కదులుతాయి.

పెద్దవాళ్ల చదువు, అర్జీ

పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మలు గుమ్మం దగ్గర నిలబడి వింటుంటారు. సంతకం నేర్పి వదిలేయకండి. డ్వాక్రా పాస్‌బుక్కు తెమ్మనండి. పొదుపు, అప్పు, వడ్డీ, వాయిదా, నిల్వ అనే ఐదు మాటలూ, అంకెలూ చదవగలిగితే ఆ నెల లెక్క ఆమే చూసుకుంటుంది. తర్వాత రేషన్ కార్డు, కరెంటు బిల్లు.

అక్కడినుంచి అర్జీ. ఒక కాగితం, ఒకే సమస్య. పైన తేదీ, ఎవరికి రాస్తున్నారో వాళ్ల హోదా, వార్డు నంబరు, వీధి. తర్వాత ఏం జరుగుతోంది, ఎప్పటినుంచి, ఎన్ని ఇళ్లకు, ఏం చేయమంటున్నారు. కింద సంతకాలు. ‘మా బాధలు చూడండి’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ‘మా వీధిలో ఉన్న రెండు లైట్లూ వెలగడం లేదు, పిల్లలు చీకట్లో మెట్లు దిగుతున్నారు, వెలిగించండి’ అని రాస్తే ఆ పని ఫలానావాళ్లదని తేలుతుంది. రెండు ప్రతులు రాయించి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. వార్డు సచివాలయంలో ఇవ్వవచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వవచ్చు. కదలిక లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ‘మా అర్జీ మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు’ అని అడగండి, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అర్జీ మీరు రాసి పెట్టకండి. ఆమె చెబుతుంటే రాసి, ఆమె చేత చదివించి, మార్పులు ఆమె చేతే చేయించండి. పిల్లల చార్టుకు వాడిన పద్ధతే ఇది.

ఊళ్లు మారి వచ్చిన పిల్లలకు టీసీ లేదనో, పుట్టిన తేదీ కాగితం లేదనో బడిలో చేర్చుకోకపోతే, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అది కుదరదని అర్జీలోనే రాయండి. వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శి ఉంటారు, ముందు అక్కడ ఇవ్వండి.

జనవరి నుంచి మార్చి దాకా గుంటూరు చుట్టుపక్కల మిరపకోతలకు కుటుంబాలు వెళ్తాయి, హాజరు సగానికి పడిపోతుంది. అప్పుడు క్లాసు మూసేయకండి. వెళ్లే పిల్లకు రెండు పుస్తకాలు, ఖాళీ నోటుబుక్కు ఇచ్చి, కల్లంలో రోజుకు రెండు వాక్యాలు రాయమనండి. తిరిగి వచ్చిన రోజు ముందు అదే చదివించండి. ఏప్రిల్‌లో ఏసర్ కాగితం మళ్లీ తీయండి. కథ చదివేసిన పిల్లల్ని, అక్షరాల దగ్గరున్న చిన్నవాళ్లకు కార్డులు పట్టించే పనికి వారానికి రెండు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి, అంతకంటే ఎక్కువ వద్దు, వాళ్ల చదువు వాళ్లకుంది. మీరు ఊరు మారాల్సి వస్తే రెండు నెలల ముందే ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. రిజిస్టరు, కార్డులు, పీడీఎఫ్‌లు ఉన్న పెన్‌డ్రైవ్, ట్రంకుపెట్టె తాళం, పంపు వేళలు రాసిన కాగితం వాళ్ల చేతిలో పెట్టండి.